ఏసమ్మ టీచరు టవరూ, ఆరు ఆదివారాలూ

ఏందీ మ్మా, ఆ టవరు ఎవరు నిలబెట్టినారు అంటాండావా? కూచ్చో, ముందు కూచ్చో. ఆ కుర్చీ మీద కాదు, దానికి ఒక కాలు కుంటి. ఇదో, ఈ స్టూలు మీద కూచ్చో. లింగమ్మా, రోంత టీ పెట్టు, నంద్యాల నుంచి పిల్ల వచ్చింది. ఏం పేరంటివి? శ్రీవాణి. ఆఁ. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్తాండావా నువ్వు? చూస్తే నువ్వే చదువుకుంటాండే పిల్ల మాదిరి ఉండావు, మంచిది మంచిది. ఆ టవరు నిలబెట్టింది నేనే మ్మా, ఈ రంగయ్యే. అహోబిలం రోడ్డులో పోతా పోతా ఎడమ పక్క చూసినావు గదా, అరవై అడుగులు. ముప్పై ఏండ్లు దాటిపోయింది, ఎన్ని గాలివానలొచ్చినాయి, ఒక అంగుళం వంగిందేమో పోయి చూడు. మీ కాలేజీ పిల్లోళ్లు రేడియో మాట్లాడనీకి దాన్ని విప్పి ఎత్తుకపోతారంట గదా, టీచరమ్మ మేనకోడలు అనిత ఫోన్ చేసి చెప్పింది. ఎత్తుకపోండి. టీచరమ్మ బతికుంటే ఆమే పిలిచి ఇచ్చేది. అయితే ఆమె ముచ్చట వినకుండా ఎత్తుకపోతే ఉత్త ఇనుము ఎత్తుకపోయినట్ల మ్మా, పాత సామాన్లోడు కూడా ఆ పనే చేస్తాడు.

ఏసమ్మ టీచరని, ఈడ ఆళ్లగడ్డలో ఆడపిల్లోళ్ల హైస్కూల్లో సైన్సు చెప్పేది. వాళ్ల సొంతూరు గోస్పాడు కాడ. వాళ్ల నాయన మోషే అని, బైబిలు సంచి చంకన ఏసుకోని పల్లె పల్లె నడిచిన మనిషి. ఈమె పెండ్లి చేసుకోలేదు. వాళ్లన్న బిడ్డ అనితను తెచ్చుకోని సాకింది. సోడాబుడ్డి కండ్లద్దాలు, వాయిలు చీర, సైకిలు. ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో సైకిలు తొక్కే ఆడమనిషి ఈమె ఒక్కతే. ఈమె ఇంట్లో సొంతంగా చేసుకున్న రేడియో ఉండేది. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. హ్యామ్ రేడియో అంటారు, నీకు నేను చెప్పేదేముంది లే. హైదరాబాదుకు పోయి గవర్నమెంటు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునింది. మా వీధిలో గోవిందమ్మ ఉండేది చూడు, నోరు ఊరుకోదు ఆమెకు, "ఏందో రంగా, టీచరమ్మ తలుపేసుకోని గోడతో మాట్లాడతాంది, టిక్కు టిక్కుమని అదేదో కొడతాంది, పోలీసోళ్ల మనిషేమో" అనేది. నేను పోయి అడిగితే టీచరమ్మ నవ్వి, "రంగన్నా, ఊరంతా నిద్రలేచి కల్లాపి చల్లుకునే పొద్దుకు నేను మధురై ఆయనతో మాట్లాడి వచ్చుంటా" అనింది. ఫోన్ లేదు, తీగ లేదు, ఉత్త గాలిలో. నాకు ఆమె మీద గౌరవం ఆ పొద్దు పుట్టింది.

నేనేం చేస్తాంటినంటావా? బోరు పైపులు ఎత్తేది, దించేది. ఆ తర్వాత టీవీలొచ్చినాయి గదా, ప్రతి మిద్దె మీదా యాంటెన్నా కంబం నిలబెట్టాల. కొత్తపల్లె కాడ నుంచి గోస్పాడు దాకా ఎవరింట్లో బొమ్మ సరిగ్గా రాకపోయినా "పైపుల రంగయ్యను పిలవండి" అనేవాళ్లు. చదువు రాదు, చేతిలో పనుండాది, నోట్లో మాటుండాది. ఆ రెండే మ్మా నా ఆస్తి. "రంగయ్య పెట్టిన కంబం పడదు" అనే మాట మీద ముగ్గురు ఆడబిడ్డల పెండ్లిండ్లు చేసినా. టీచరమ్మకు అంతవరకూ టెంకాయ చెట్టుకూ మిద్దెకూ నడమ కట్టిన తీగే. దాంతో మధురై, బెంగుళూరు దాకా వినపడేది. ఇంకా దూరం పోవాలంటే ఎత్తు కావాల. "రంగన్నా, అరవై అడుగుల టవరు నిలబెడతావా?" అని ఒక కాయితం మీద బొమ్మ గీసి తెచ్చింది. మూడు పైపులు నిలువుగా, నడమ అడ్డం కడ్డీలు, పదేసి అడుగులవి ఆరు ముక్కలు. ముక్క మీద ముక్క పెట్టుకుంటా పోవాల. మూడు దిక్కుల నుంచి స్టే తీగలు, కింద మూడు, పైన మూడు. లాగి పట్టుకునే తీగలు మ్మా, నీకు తెలుసు లే. నేను బొమ్మ చూసి, "టీచరమ్మా, ఈ తీగలు కట్టే గుంజలకు గుంత మూడడుగులని రాసినావు, ఎవరు చెప్పినారు నీకు?" అంటి. పుస్తకంలో ఉంది అనింది. "ఆ పుస్తకం రాసినోడు నల్లరేగడి చూడలేదు. వానలకు ఉబ్బుతాది, ఎండలకు చెయ్యి పట్టేంత నెర్రె ఇస్తాది, నీ గుంజ ఊడొస్తాది. అయిదున్నర అడుగులు తవ్వి, మన్ను పారేసి, గరుసు నింపి దిమ్మిస కొట్టాల" అంటి. ఆమె ఏమన్నా అనుకుంటాదేమో అనుకుంటే, లేదు మ్మా, "రంగన్నా, మళ్లీ చెప్పు" అని నోటుబుక్కులో రాసుకునింది. నేను చెప్పింది ఒక టీచరమ్మ రాసుకునింది! నాకు తల తిరిగిపోయింది అనుకో. నా తప్పు ఆడ మొదలైంది.

చెప్తా, చెప్తా, అదే చెప్తాండా. ఆ స్టే తీగలు ఆమె ఒకటిగా ఉంచలేదు. ఒక్కొక్క తీగనూ ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ నడమ తెల్ల పింగాణి కాయ కట్టింది. కరెంటు స్తంభం స్టే తీగలో ఒకటుంటాది చూడు, నిమ్మకాయంత, అవే. తీగకు మూడు లెక్కన ఆరు తీగలకు పద్దెనిమిది కాయలు. వాకిట్లో చాప పరుచుకోని వారం దినాలు అవి కట్టింది, వేళ్లన్నీ కోసుకుపోయినాయి. నాకేమో మనసొప్పలేదు. కరెంటు స్తంభానికి ఉంటాది, షాక్ కొట్టకుండా. ఈ టవరులో కరెంటు యాడుండాది? పైగా అంతకు ముందేడు గోస్పాడులో ఒకరింట్లో నేను పెట్టిన కంబానికి తీగ అతుకు కాడ జారి, కంబం పోయి కొట్టంలో బర్రె మీద పడింది. బర్రె కొమ్ము విరిగింది. ఆ ఇంటాయన, "రంగయ్యా, ఇది బర్రె కాబట్టి సరిపాయ, నా కూతురు పాలు పిండుతాంటే ఏమయ్యుండు?" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు. అతుకంటేనే భయం. ఈడ చూస్తే పద్దెనిమిది అతుకులు, అదీ పగిలే పింగాణితో, కింద టీచరమ్మా ఆ చిన్నపిల్లా పడుకునే ఇల్లు. ఆమె ఇస్కూలుకు పోయినాక నేనేం చేసినానంటే, కాయలు తీయలేదు, తీస్తే తెలిసిపోతాది గదా, ఒక్కొక్క కాయకూ ఈ పక్క తీగ నుంచి ఆ పక్క తీగకు ఇంకొక గట్టి తీగ చుట్టి బిగించేసినా. కాయ పగిలినా కంబం పడదని. పద్దెనిమిదింటికీ చుట్టినా. ఆమెకు చెప్పలేదు. చెప్పేదేముంది, మేలు చేస్తాండా గదా అనుకున్నా.

మూడు దినాలు పట్టింది నిలబెట్టేదానికి. మోకు తాళ్లు, కప్పీ, ఇద్దరు మనుషులు, నేను పైన. ఊరు ఊరంతా వచ్చింది చూసేదానికి, దేవర జాతర మాదిరి. పై ముక్క కూచ్చోబెట్టి, దాని కొన కాడ ఆమె మాట్లాడే తీగ కట్టి దిగొస్తే టీచరమ్మ నా రెండు చేతులూ పట్టుకునింది. హెడ్మాస్టరుకు చెప్పింది, ప్రభాకర్ పాస్టరుకు చెప్పింది, "రంగన్న మాదిరి పనోడు జిల్లాలో లేడు" అని. చర్చి మీద కొత్త సిలువ కూడా నేనే నిలబెట్టాలని పాస్టరు అప్పుడే మాటిచ్చినాడు. నేను మీసం తిప్పుకోని తిరుగుతాండా ఊర్లో.

ఆ తర్వాత ఏం జరిగిందంటావా? ఏమీ జరగలేదు మ్మా, అదే జరిగింది. టెంకాయ చెట్టు తీగతో మధురై విన్నది. అరవై అడుగుల టవరుతో కడప కూడా సరిగ్గా వినలేదు. ఆమె పిలుస్తాది, పిలుస్తాది, ఎవరూ పలకరు. ఒక నెల, రెండు నెలలు. ఏదో మీటరు పెట్టి చూస్తాది, తల ఊపుకుంటాది. రేడియో విప్పుతాది, మళ్లీ అతుకుతాది. ఇల్లంతా సీసం కరిగిన వాసన. నేను పోయినప్పుడల్లా, "టవరు బంగారం రంగన్నా, నా సెట్టులోనే ఏదో ఉండాది" అనేది. పదకొండు తూర్లు విప్పింది, అనిత లెక్కపెట్టింది. అయిదో నెలలో అనుకుంటా, ఒక సాయంత్రం నేను కాఫీ తాగుతాండా వాళ్లింట్లో. పదో తరగతి ఆడపిల్లోళ్లు నలుగురొచ్చి, "టీచర్, ఆ తీగల్లో తెల్లగా అవేంది?" అని అడిగినారు. టీచరమ్మ ఎంత బాగా చెప్తాదనుకుంటివి, పశువుల కాపరికి కూడా అర్థమైతాది. "తీగ పొడుగ్గా ఒకటే ఉంటే అది కూడా యాంటెన్నా అయిపోతాది పిల్లలూ. నేను బయటికి పంపేదంతా ఆ తీగలే తాగేస్తాయి. అందుకని ముక్కలు చేసి, ఒక ముక్క ఇంకో ముక్కను ముట్టుకోకుండా నడమ పింగాణి పెట్టినాం" అనింది. నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపాయ. ముట్టుకోకుండా! నేను పద్దెనిమిది తావుల ముట్టించి పెట్టినా. ఆమె నా పక్క చూసి "ఏం రంగన్నా, కాఫీ చేదుగా ఉండాదా?" అంటే గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్ల నేను టవరు పక్క చూసినా.

అప్పుడే చెప్పుండాల. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ మాదిరి ఇంటికొచ్చి పడుకున్నా. మా ఇంటామె లింగమ్మ, "చెప్పేయ్, ఆమె ఏమనుకోదు" అని వారం చెప్పింది. ఆమె ఏమనుకోదు, నాకు తెలుసు. ఊరనుకుంటాది గదా! "రంగయ్య చదువుకున్నామె కట్టింది చెడగొట్టినాడంట, దొంగతనంగా తీగలు చుట్టినాడంట" అంటే ఇంకెవరు పిలుస్తారు నన్ను? మూడో బిడ్డ పెండ్లి ఇంకా కాల్లేదు. రెండు నెలలు నోరు మూసుకున్నా మ్మా. మొదటి అయిదు నెలలు తెలియక చేసింది, అది పోనీ. ఈ రెండు నెలలు తెలిసి చేసినా. అది ఇప్పటికీ గుచ్చుకుంటాది. ఒక పొద్దు పోతే ఆమె సెట్టు అట్టపెట్టెలో పెడతాంది. "బెంగుళూరు ఆయనకు పంపిస్తాండా రంగన్నా, ఆయనకన్నా పనికొస్తాది. ఇంకో రెండు నెలలు చూసి పంపేస్తా. నా చేతికి ఈ విద్య రాలేదు" అనింది. నవ్వుతా అనింది. ఆ వేళ్ల మీద కాల్చుకున్న మచ్చలు చూసినా నేను. ఆమె చేతికి విద్య రాలేదంట! ఇంటికొచ్చి అన్నం తినలేదు. చెప్పే ధైర్యం లేదు సరే, విప్పే ధైర్యమన్నా ఉండాల గదా అనుకున్నా.

ఆదివారం పొద్దున టీచరమ్మ, అనిత చర్చికి పోతారు. రెండున్నర గంటలు ఆరాధన. వాళ్లింటికీ చర్చికీ నడమ శనగ చేను ఒకటే. వాళ్లు అట్ల పోతానే నేను ఇట్ల గోడ దూకేది. తీగ విప్పాలంటే ఊరికే విప్పితే టవరు పక్కకు పోతాది. ముందు మోకు తీసుకోని పైకెక్కి, ఆ తీగ పక్కనే మోకు కట్టి, దిగొచ్చి మోకును గుంజకు బిగించాల. అప్పుడు తీగను కింద విప్పితే అది టవరు పక్కనే వేలాడతాది. మళ్లీ ఎక్కతా ఎక్కతా నేను చుట్టిన చుట్లు మూడూ తెంపుకుంటా పోవాల. దిగొచ్చి తీగ బిగించాల. మోకు విప్పనీకి ఇంకో తూరి ఎక్కాల. ఒక ఆదివారానికి ఒక తీగే అయ్యేది. ఆరు తీగలు, ఆరు ఆదివారాలు. రెండో ఆదివారం అయినాక బుధవారం పోతే టీచరమ్మ గుమ్మంలోనే, "రంగన్నా! మధురై పలికింది!" అనింది, చిన్నపిల్ల మాదిరి. మూడో వారానికి భోపాల్ వినింది, నాలుగో వారానికి కలకత్తా. వారం వారం పెరుగుతాంది. ఆమె సెట్టు ముట్టుకోలేదు, అట్టపెట్టెలో నుంచి తీసి బల్ల మీద పెట్టింది అంతే. నాకు లోపల సంతోషం, పైకి "అట్లనా, మంచిది టీచరమ్మా" అనేది. ఇంతలో గోవిందమ్మ వచ్చి, "రంగా, వింటివా? టీచరమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పిందంట. ప్రతి ఆదివారం దేవుడు కొంచెం కొంచెం దారి తెరుస్తాండాడని చెప్పిందంట, అందరూ స్తోత్రం అన్నారంట" అనింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీలేదు. నేను తెంపేది మూడు చుట్లు, పేరు దేవునిది. ఇంకేం చెప్తా నేను, దేవునికి కూడా చెడ్డపేరు తెచ్చినోణ్ణి అవుతా.

ఆరో ఆదివారం పని ముగిసింది. ఆ సాయంత్రం మనిషిని పంపిచ్చింది, రమ్మని. పోతే చెవికి పెట్టుకునేది నా తలకు తగిలించింది. గరగరమని శబ్దం, దాంట్లో నుంచి ఒక మగమనిషి గొంతు, దూరం నుంచి, బావిలో నుంచి మాట్లాడినట్ల. "ఎవరు?" అంటే, "జపాన్ ఆయన రంగన్నా. మనం బాగా వినపడతాండామంట" అనింది. మనం అనింది మ్మా. రెండు నెలలకు ఆయన కార్డు పంపినాడు పోస్టులో, ఆయన బొమ్మ, ఆయన పెండ్లాం, కుక్క, వెనక ఆయన టవరు. నేను ముందు తీగలే చూసినా. కాయలుండాయి. ఆ తర్వాత వారమో ఎప్పుడో, ఆమె మిగిలిపోయిన కాయ ఒకటి తెచ్చి, రెండు తీగ ముక్కలు దానికి కట్టి, "రంగన్నా, రెండు చేతులతో లాగి పట్టుకో" అనింది. పట్టుకుంటి. సుత్తి తీసుకోని కాయను ఒక దెబ్బ కొట్టింది. కాయ ముక్కలు ముక్కలైపాయ. నా చేతిలో తీగలు మాత్రం విడిపోలేదు, ఒకదాని మెలికలో ఒకటి తగులుకోని నిలబడినాయి. "కట్టేదే అట్ల కడతారు. కాయ పగిలినా తీగను తీగ వదలదు. ఊరికే, చూస్తావని" అనింది. ఊరికేనంట! టీచర్లకు పాఠం చెప్పే జబ్బు ఉంటాది గదా, అదే అనుకోని నేను తల ఊపి వచ్చేసినా. అంత మొద్దును.

ఆ తర్వాత ఇరవై ఏండ్లు బతికింది. నూరు దేశాల కార్డులు వచ్చినాయి, గోడ కనపడేది కాదు. చర్చి సిలువ నేనే పెట్టినా, మూడో బిడ్డ పెండ్లి కూడా చేసినా. ఎన్ని తూర్లో చెప్దామని పోయినా, కాఫీ తాగి వచ్చినా. పన్నెండేండ్ల కింద పోయింది టీచరమ్మ, నిద్రలోనే, ఎవరికీ కష్టం పెట్టకుండా. సమాధి కాడికి తీసుకపోయే ముందు చర్చిలో పెట్టినారు. ప్రభాకర్ పాస్టరు ముసలాయన అయిపోయినాడు అప్పటికి, "ఎవరన్నా రెండు మాటలు చెప్పేదుంటే చెప్పండి" అన్నాడు. నాకెట్ల వచ్చిందో ధైర్యం, లేచి నిలబడినా. "నేను మీ మతం కాదు. అయినా ఈమె కాడ నాదొక తప్పుండాది" అని మొత్తం చెప్పేసినా మ్మా. చుట్టింది, దాచింది, తన చేతికి విద్య రాలేదని ఆమె అనుకుంటాంటే చూస్తా ఉండింది, గోడ దూకింది. నేను తల దించుకోని నిలబడినా, ఇప్పుడు తిట్టినా మంచిదే అనుకున్నా.

అప్పుడు అనిత లేచింది. ఏడ్చి ఏడ్చి మొగం ఉబ్బిపోయింది పిల్లకు, అయినా నవ్వుతాంది. "రంగయ్య మామా, అత్తకు మొదటి ఆదివారమే తెలుసు. అత్త కూచ్చునేది కిటికీ పక్కన" అనింది. నేను ఆ కిటికీ పక్క చూసినా మ్మా. శనగ చేనుకు అవతల నా టవరు, మొదలు నుంచి కొన దాకా, అద్దంలో పెట్టినట్ల. అరవై అడుగుల ఎత్తున ఎక్కి దొంగపని చేసినా నేను! పైనుండేవోడు కింద వాళ్లందరినీ చూస్తాడు గానీ తనను ఎవరో చూస్తాండారని అనుకోడు. "ఆ ఆరు వారాలు ప్రార్థన అత్తే చెప్పింది మామా, పాస్టరును అడిగి మరీ. నువ్వు టవరు కాడికి పోతానే లేచి నిలబడేది, అందరూ కండ్లు మూసుకోండి అనేది. నువ్వు ఎక్కి, కట్టి, కిందికి దిగేంతవరకూ ఆమెన్ అనేది కాదు. మళ్లీ నువ్వెక్కితే మళ్లీ లేచేది. రోగుల కోసం, వానల కోసం, పరీక్షల కోసం, నంద్యాల బస్సుల కోసం, ఏది గుర్తొస్తే దాని కోసం చేసేది. నాకు కాళ్లు పీకి ఒకసారి కండ్లు తెరిస్తే అత్త తెరుచుకునే ఉండాది, నిన్నే చూస్తాండాది. నన్ను చూసి తొడపాశం పెట్టింది, మూసుకో అని" అనింది.

ఒక ఆదివారానికి మూడు తూర్లు ఎక్కినా నేను. ఆరు వారాలు. లెక్క వేసుకో నువ్వే. నన్ను ఒక్కరు కూడా చూడకుండా అన్ని తూర్లూ... ఎవరికీ చెప్పలేదు మ్మా ఆమె, నాకు కూడా.

...

టీ చల్లారిపాయ చూడు. తాగు, తాగు. రేపు మీ పిల్లోళ్లు విప్పనీకి వస్తారు గదా, పై తీగలు ముందు ముట్టుకోవద్దని చెప్పు. మోకు కట్టినాకనే ముట్టుకోమను. నేను కూడా వస్తా. ఎక్కలేను గానీ, వాళ్లు దిగేంతవరకూ కింద నిలబడి చూస్తాంటా.